బలహీనమైన ముడి వేస్తే రబ్బరు చిరగడం ఎందుకు తగ్గింది? మోనెట్ ఫలితాలు క్లాసులో చూపించడం ఎట్లా?

కావలి_కెమిస్ట్రీ:

డిగ్రీ మూడో ఏడాది వాళ్ళకు పాలిమర్ నెట్‌వర్క్‌ల మీద రెండు క్లాసులు, ఒక ల్యాబ్ పెట్టాలి. పుస్తకంలో వల్కనైజేషన్, బేకలైట్ దాకా ఉంది. దాని తర్వాత ఏం జరిగిందో చెప్పడానికి అమెరికాలోని మోనెట్ అనే పాలిమర్ పరిశోధన కేంద్రం పనులు తీసుకున్నాను. డ్యూక్ యూనివర్సిటీ ముందుండి నడిపిస్తుంది, ఎంఐటీ వగైరా కలిసి పనిచేస్తాయి. 2018లో మొదలై 2021లో రెండో దశకు వెళ్ళిన కేంద్రం అది.

చిక్కు ఎక్కడంటే, వీళ్ళవే రెండు పేపర్లు ఒకదానికొకటి ఎదురు చెబుతున్నట్టు ఉన్నాయి. 2021 నాటి పేపర్‌లో నెట్‌వర్క్‌లో సులువుగా తెగే సైక్లోబ్యూటేన్ (నాలుగు కార్బన్‌ల వలయం) పెడితే చిరుగు శక్తి, అంటే చింపడానికి పట్టే శక్తి, ఎనిమిదో వంతుకు పడిపోయింది. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన దాంట్లో అదే సైక్లోబ్యూటేన్ జాతి పెడితే తొమ్మిది రెట్ల దాకా పెరిగింది. పిల్లలు ఇది అడక్కుండా ఉండరు. ఏం చెప్పాలి?

రెండోది, యూటీఎం లాంటి, లాగి బలం కొలిచే మిషన్ మా దగ్గర లేదు. స్ప్రింగ్ త్రాసు, ఎండబెట్టే ఓవెన్, మిల్లీగ్రాము తూచే బ్యాలెన్స్ ఉన్నాయి. వీటితో చేయగలిగింది ఏమన్నా ఉందా? మూడోది, సముద్రం ఒడ్డు ఊళ్ళ పిల్లలు ఎక్కువ. పాత ఫైబర్ పడవల్ని కరిగించి మళ్ళీ వాడుకోవచ్చా అని పోయిన ఏడే ఒకరు అడిగారు. మోనెట్ వాళ్ళ పనిలో దానికి జవాబు ఉందా?

గుండ్లకమ్మ:

మేడం, రెండు పేపర్లూ నిజమే. తేడా అంతా ఆ బలహీనమైన బంధాన్ని ఎక్కడ పెట్టారన్న దాంట్లో ఉంది. పిల్లలకు వల చూపించి చెప్పండి, కొత్తపట్నం పిల్లాడికైనా మైపాడు పిల్లాడికైనా వెంటనే ఎక్కుతుంది.

వలలో దారం ఒకటి, ముడి ఒకటి. దారం అంటే పాలిమర్ గొలుసు, ముడి అంటే గొలుసుల్ని ఒకదానికొకటి కలిపే బంధం, రెండు ముడుల మధ్య దారం ముక్క ఒక పోగు. దారమే ముడి నుంచి ముడికి నాసిగా ఉందనుకోండి, ఒక కన్ను తెగితే పక్క కన్ను, దాని పక్క కన్ను వరసగా పోతాయి. మొదటి పేపర్‌లో జరిగింది ఇదే. నాలుగు చేతులున్న పీఈజీ (పాలిఇథిలీన్ గ్లైకాల్) అణువుల్ని, చేతికి 5 కాదు, మొత్తం అణువుకే 5 కిలోడాల్టన్లు, కొసలకు కొసలు కలిపి జెల్ చేశారు. సైక్లోబ్యూటేన్ ఆ కలిపే చోట, అంటే పోగు మధ్యలోనే పడింది. బరువు మోసే ప్రతి పోగులోనూ ఒక బలహీనమైన చోటు ఉన్నట్టు. సైక్లోబ్యూటేన్ లేని జెల్‌కు చిరుగు శక్తి చదరపు మీటరుకు 27.1 జౌళ్ళు, కాస్త గట్టి సైక్లోబ్యూటేన్‌తో 10.6, బాగా సులువుగా తెగే దానితో 3.4.

ఇక్కడ పిల్లలకు తప్పక చూపించాల్సింది ఇంకోటి ఉంది. ఆ మూడు జెల్‌ల కోత గుణకం, అంటే పక్కకు తోస్తే ఎంత మొండికేస్తుందన్నది, 23 నుంచి 24 కిలోపాస్కల్‌లు, ద్రావకంలో ఉబ్బడం 10 నుంచి 11 రెట్లు. అంటే తోసి చూసినా, ఉబ్బించి చూసినా మూడూ ఒకటే. చింపినప్పుడే తేడా తెలుస్తుంది. ముడుల సంఖ్య మారలేదని ఆ రెండు కొలతలు రుజువు చేస్తాయి కాబట్టే చిరుగు శక్తిలో తేడాను ధైర్యంగా బంధానికి అంటగట్టారు.

2023 పేపర్‌లో దారం పొడుగ్గా, గట్టిగా ఉంది. అక్రిలేట్ గొలుసులవి. బలహీనంగా ఉంది ముడి మాత్రమే. ఒక్కో పొడుగాటి గొలుసుకు దారి పొడుగునా చాలా ముడులు. చిరుగు ముందుకు వచ్చినప్పుడు ముడి తెగుతుంది గానీ దారం తెగదు. ముడి పోయినచోట రెండు పొట్టి పోగులు కలిసి ఒక పొడుగు పోగు అవుతాయి. చిరుగు గట్టి దారాల్ని తప్పించుకుంటూ బలహీనమైన ముడుల వెంట తిరగాల్సి వస్తుంది, దాంతో ముందుకు పోవడానికి మొత్తం మీద ఎక్కువ బంధాలు తెంచాల్సి వస్తుంది. ఆ ముడి తెగడానికి కావాల్సిన బలం మామూలు ముడికన్నా సుమారు 5 రెట్లు తక్కువ. అక్రిలేట్‌లో ఆ ముడులు ఉన్నదే సుమారు 2 శాతం. అయినా 9 రెట్ల దాకా లాభం.

వల పోలిక ఒక్కచోట ఆగిపోతుంది, అది కూడా చెప్పండి. వలకు కన్ను కొలత ముఖ్యం కాబట్టి ముడి జారకూడదు. రబ్బరుకు ఆ బాధ లేదు, దానికి కావాల్సింది ముక్కలు కాకపోవడం.

భాష దగ్గర కూడా ఒక జాగ్రత్త. మనం "గట్టి" అనే ఒక్క మాటను మూడింటికి వాడతాం. సాగదీస్తే మొండికేయడం ఒకటి, తెగే ముందు ఎంత బరువు మోస్తుందన్నది ఒకటి, గాటు పడ్డాక చిరుగు పాకకుండా ఎంత శక్తి మింగుతుందన్నది ఇంకొకటి. పై ఫలితాలన్నీ మూడో దాని గురించి. బోర్డు మీద మొదటి అయిదు నిమిషాలు దీనికి పెట్టకపోతే తర్వాత అంతా గందరగోళమే.

రీట్రెడ్_ల్యాబ్_నెల్లూరు:

మీ దగ్గరున్న సామానుతో రెండు ప్రయోగాలు చేయొచ్చు. చిరుగు శక్తి, ఉబ్బుడు.

చిరుగు శక్తికి ట్రౌజర్ పరీక్ష. ఐఎస్ఓ 34-1లో మొదటి పద్ధతి. 100 మి.మీ. పొడవు, 15 మి.మీ. వెడల్పు రబ్బరు పట్టీ తీసుకుని ఒక చివర నుంచి నడిమధ్యలో 40 మి.మీ. కోయాలి. ప్యాంటు కాళ్ళలా రెండు కాళ్ళు వస్తాయి. ఒక కాలు బల్లకు బిగించి, రెండోది స్ప్రింగ్ త్రాసుకు తగిలించి నిమిషానికి 10 సెం.మీ. వేగంతో లాగాలి. చిరుగు పాకుతున్నప్పుడు త్రాసు చూపించే బలం ఎఫ్, పట్టీ మందం హెచ్ అయితే చిరుగు శక్తి 2ఎఫ్/హెచ్.

లెక్క చేసి చూపిస్తాను. 2 మి.మీ. మందం పట్టీ, త్రాసు 0.8 కిలోలు చూపించింది. 0.8ని 9.81తో గుణిస్తే 7.85 న్యూటన్లు. రెట్టింపు చేసి 0.002తో భాగిస్తే చదరపు మీటరుకు సుమారు 7,850 జౌళ్ళు. పిల్లలు కిలోల్ని న్యూటన్లుగా మార్చడం మరిచిపోతారు, లేదా మందం మిల్లీమీటర్లలోనే వేస్తారు. జవాబు సుమారు పది రెట్లు తక్కువ వస్తే మొదటిది, వెయ్యి రెట్లు తక్కువ వస్తే రెండోది కారణం. పైన చెప్పిన జెల్ 27 జౌళ్ళు ఎక్కడ, ఈ వేలు ఎక్కడ అని అడుగుతారు. జెల్‌లో చాలా భాగం ద్రావకమే, పోగులు పలచగా ఉంటాయి. ఈ రబ్బరు పట్టీలో ద్రావకం లేదు, పైగా గట్టిదనానికి కలిపే మసిపొడి, కార్బన్ బ్లాక్ ఉంది, సాగినప్పుడు వేడిగా పోయే శక్తి కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

తప్పులు జరిగే చోట్లు ఇవీ. కాళ్ళు సాగితే 2ఎఫ్/హెచ్ పనికిరాదు, సాగినదాన్నీ లెక్కలో కలపాలి. అది తప్పించడానికి రెండు కాళ్ళకూ పంక్చర్ సొల్యూషన్‌తో గట్టి కాటన్ గుడ్డ అతికించండి, చిరుగు పోయే దారికి ఇటూ అటూ 2 మి.మీ. వదిలి. చిరుగు పక్కకు తిరిగి అంచుకు పోతుంటే దారి పొడుగునా బ్లేడుతో లోతు తక్కువ గీత పెట్టండి. అప్పుడు హెచ్ అంటే గీత కింద మిగిలిన మందం, మొత్తం మందం కాదు. కార్బన్ బ్లాక్ ఎక్కువున్న రబ్బరులో చిరుగు ఆగి ఆగి కుదుపులతో పోతుంది. త్రాసు ముల్లు ఎగిరిపడుతుంది. ఫోన్‌తో వీడియో తీసి ప్రతి కుదుపు శిఖరం రాసుకుని, వాటిని వరసలో పెట్టి నడిమి విలువ తీసుకోండి. ఒక్కో రకానికి అయిదు పట్టీలన్నా ఉండాలి.

ఉబ్బుడు ప్రయోగానికి రీట్రెడింగ్ షాపులో రెండు ముక్కలు అడగండి. ఉడకబెట్టని కుషన్ గమ్ (టైరుకు కొత్త పొర అతికించే రబ్బరు) ఒకటి, ఉడికిన రబ్బరు ఒకటి. హైవే పక్కన నెల్లూరులోనూ ఒంగోలులోనూ దొరుకుతాయి. ఒక్కోటి 0.5 గ్రాములు తూచి, గాజు మూత ఉన్న సీసాలో 50 మి.లీ. టోలీన్‌లో వేయండి. ప్లాస్టిక్ మూత వద్దు, టోలీన్ దాన్ని కూడా ఉబ్బిస్తుంది. 72 గంటలు ఉంచి, రోజుకొకసారి టోలీన్ మార్చండి. పొగ గూటిలోనే చేయాలి, దగ్గర్లో మంట ఉండకూడదు.

ఉడికిన ముక్క ఉబ్బి ఒకచోట ఆగిపోతుంది, ఆకారం పోదు. ఉడకనిది ఆకారం పోగొట్టుకుని జిగురు నీళ్ళలా అవుతుంది. అడుగున నల్లటి మడ్డి మిగిలితే కంగారు పడొద్దు. కార్బన్ బ్లాక్‌కు అంటుకుపోయిన రబ్బరు అది, అంత తేలిగ్గా కరగదు. ముడి ఉంటే కరగదు, లేకుంటే కరుగుతుంది అన్నది కళ్ళముందు కనిపిస్తుంది.

ఉబ్బుడు నిష్పత్తి కావాలంటే ఉబ్బిన ముక్కను వడపోత కాగితంతో ఒక్కసారి అద్ది, మూత ఉన్న తూకం సీసాలో వేసి వెంటనే తూచాలి. తెరిచి ఉంచితే టోలీన్ ఆవిరై అంకె చూస్తుండగానే పడిపోతుంది. తర్వాత అదే ముక్కను పొగ గూటిలో ఒక రాత్రి ఆరనిచ్చి, ఆ తర్వాతే 60 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారనంత వరకు ఎండబెట్టాలి. టోలీన్ కారుతున్న ముక్కను నేరుగా ఓవెన్‌లో పెడితే అంటుకునే ప్రమాదం ఉంది. ఉబ్బిన బరువును ఈ ఎండిన బరువుతో భాగించాలి, మొదట తూచిన బరువుతో కాదు. రబ్బరులో ఉన్న నూనె టోలీన్‌లోకి దిగిపోతుంది కదా, మొదటి బరువు వాడితే నిష్పత్తి తక్కువగా వస్తుంది.

కావలి_కెమిస్ట్రీ:

వల పోలికతో నా సందేహం తీరింది. ట్రౌజర్ పరీక్ష తప్పక చేయిస్తాను. కానీ ముడి తెగి పోగు పొడుగు కావడం అన్నదాన్ని చేత్తో చూపించే దారి ఉందా? ముడి తెగడానికి పట్టే శక్తే ఆ లాభం అంతా అని పిల్లలు అనుకుంటారేమో.

మన్నేరు:

అనుకుంటారు. అది తప్పని చూపించడానికి పురి దారం చాలు.

5 కిలోల దగ్గర తెగే పురి పెట్టిన నైలాన్ వల దారం తీసుకోండి. రెండు కొక్కేల మధ్య 1 మీటరు దూరం. ఒక దారం తిన్నగా కట్టండి. రెండో దారం 1.4 మీటర్లు తీసుకుని, దారి మధ్యలో 8 సెం.మీ. చొప్పున అయిదు మడతలు వేసి, ప్రతి మడత మెడను కుట్టు దారంతో కట్టండి. చివరికి దీని పొడవు కూడా 1 మీటరే కనిపిస్తుంది. రెండింటినీ స్ప్రింగ్ త్రాసుతో నెమ్మదిగా లాగి, ఒక సెంటీమీటరుకు ఒకసారి బలం రాసుకోవాలి. గ్రాఫ్ గీసి కింద వైశాల్యం లెక్కపెట్టాలి. గరిష్ఠ బలం రెండింటికీ ఇంచుమించు ఒకటే వస్తుంది, ఎందుకంటే చివరికి తెగేది అదే దారం.

మడతలున్న దానికి రంపపు పళ్ళలాంటి గీత వస్తుంది. ఒక్కో కుట్టు తెగినప్పుడు బలం సున్నాకి పడి మళ్ళీ లేస్తుంది. ఆ పళ్ళ కింద వైశాల్యం విడిగా, చివరి పెద్ద కొండ కింద వైశాల్యం విడిగా లెక్కపెట్టించండి. పళ్ళది కొద్దిపాటే. అసలు లాభం చివరి కొండలో ఉంటుంది. 1.4 మీటర్ల దారం అదే బలం దగ్గర తెగినా 1 మీటరు దారంకన్నా 40 శాతం ఎక్కువ సాగుతుంది కాబట్టి అంత ఎక్కువ శక్తి మింగుతుంది. 1967లో లేక్, థామస్ ఇచ్చిన సిద్ధాంతం చెప్పేది ఇదే. పోగులో ఒక్క బంధం తెగాలంటే ఆ పోగులోని బంధాలన్నింటినీ తెగేదాకా లాగాలి, కాబట్టి పోగు పొడుగయ్యేకొద్దీ ఖర్చు పెరుగుతుంది.

ఆ 40 శాతం ఊరికే పెట్టలేదు. డ్యూక్‌లోని క్రెయిగ్ బృందం, జపాన్ హొక్కైడోలోని గాంగ్ బృందం కలిసి 2021లో చేసిన హైడ్రోజెల్‌లలో పోగులు సరిగ్గా ఇట్లాగే, తెగబోయే ముందు లోపల ముడుచుకున్న వలయం విప్పుకుని 40 శాతం దాకా పొడవు పెరుగుతాయి. ఆ జెల్ 40 నుంచి 50 శాతం ఎక్కువ సాగింది, చిరుగు శక్తి రెట్టింపైంది. పొడుగు పోగుల్నే మొదటి నుంచీ పెట్టొచ్చు కదా అని అడుగుతారు. పెడితే జెల్ మెత్తబడిపోతుంది. పొట్టి పోగుల బిగువు రోజూ ఉండాలి, పొడుగు పోగుల ఓర్పు చిరుగు వచ్చినప్పుడే కావాలి. ఈ కేంద్రం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

చేసేటప్పుడు చూసుకోవాల్సినవి. కుట్టు 1 కిలో దగ్గర తెగాలి, అంటే నైలాన్ బలంలో అయిదో వంతు. ముందే కట్టి తూకం వేసి చూసుకోండి, ఎక్కువైతే చుట్లు తగ్గించండి. ఒంటి పోగు గాలపు దారం వాడొద్దు, జారిపోయి కుట్టు తెగకుండానే మడత విప్పుకుంటుంది. పురి దారంలో సూదితో పొడిచి కుడితే జారదు. నైలాన్‌కే ముడి వేయకండి. ముడి దగ్గర దారం బలం బాగా పడిపోతుంది, అక్కడే తెగి ప్రయోగం చెడుతుంది. కొక్కెం దగ్గర కూడా ముడి బదులు మందపాటి గుంజకు అయిదారు చుట్లు చుట్టండి. తెగిన దారం వెనక్కి కొడుతుంది, కళ్ళద్దాలు లేకుండా ఎవర్నీ దగ్గరికి రానీయకండి.

జువ్వలదిన్నె_రెసిన్:

ఫైబర్ పడవ సంగతి నేను చెబుతాను.

పడవలో ఉన్నది అసంతృప్త పాలిఎస్టర్ రెసిన్, గాజు పీచు. చర్యను మొదలుపెట్టే పెరాక్సైడ్ ఎంఈకేపీ 1 నుంచి 2 శాతం, కొద్దిగా కోబాల్ట్ కలిపితే స్టైరీన్ వచ్చి పాలిఎస్టర్ గొలుసుల్ని ఒకదానికొకటి కుట్టేస్తుంది. ఆ తర్వాత అదంతా ఒకటే అణువు లెక్క. వేడి చేస్తే కరగదు, మాడుతుంది. అందుకే పాత పడవ ఇసుకలో అట్లా పడి ఉంటుంది. ఇది ల్యాబ్‌లో చూపించాలనుకుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. ఎంఈకేపీ, కోబాల్ట్ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకూడదు, పేలుతుంది. కోబాల్ట్‌ను ముందు రెసిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే ఎంఈకేపీ. ఉడికిందో లేదో చూడాలంటే అసిటోన్ తడిపిన గుడ్డతో రుద్దండి. జిడ్డుగా అంటితే ఉడకలేదు.

కేంద్రంలో ఉన్న ఎంఐటీ జెరమయ జాన్సన్ బృందం 2020లో నేచర్‌లో ఇచ్చిన ఫలితం దీనికి దగ్గరది. పాలిడైసైక్లోపెంటాడైయీన్ అనే, ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ కరగని థర్మోసెట్‌లో సిలైల్ ఈథర్ బంధమున్న మోనోమర్‌ను సుమారు 10 శాతం కలిపారు. వస్తువు గట్టిదనం మామూలు దానిలాగే ఉంది. ఫ్లోరైడ్ ద్రావణంలో వేస్తే మాత్రం కరిగిపోయింది, వచ్చిన ముక్కల్ని మళ్ళీ కొత్త వస్తువులో కలపగలిగారు.

గుండ్లకమ్మ గారు చెప్పిన దానికి ఇది సరిగ్గా తలకిందులు, పిల్లలకు రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. చిరుగు ఆపాలంటే తెగే బంధం ముడిలో ఉండాలి. కరిగించాలంటే పోగులో ఉండాలి. జాన్సన్ వాళ్ళు ముడిలో కూడా పెట్టి చూశారు, కరగలేదు. ఆ రెసిన్ తనంతట తాను వేసుకునే ముడులు ఎట్లాగూ ఉంటాయి, వాటిని ఎవరూ తెంచలేరు. పోగుల్ని చాలినన్ని చోట్ల కత్తిరిస్తే ముడులు ఉన్నా సరే మొత్తం చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. 10 శాతం లోపు ఒక హద్దు ఉంటుంది, అంతకన్నా తక్కువ కలిపితే అక్కడక్కడా తెగినా నెట్‌వర్క్ చెక్కుచెదరదు.

అయితే పడవకు ఇది నేరుగా పనికిరాదు. ఆ మోనోమర్ రింగు తెరుచుకునే మెటాథెసిస్ చర్యలోనే గొలుసులోకి వెళుతుంది. పడవ రెసిన్ ఉడికేది ఫ్రీ రాడికల్‌తో. ఆ దారిలో గొలుసులోకి వెళ్ళే వాటిలో థయోనోలాక్టోన్లు (గంధకం ఉన్న వలయపు అణువులు) ఉన్నాయి. జాన్సన్ బృందమే 2022లో పాలిస్టైరీన్ గొలుసులో వాటిని పెట్టి, తర్వాత ముక్కలు చేసి చూపించింది. అయినా అది ముందే కలిపి పోసిన రెసిన్‌కు మాత్రమే. ఇప్పుడు ఒడ్డున ఉన్న పడవలో పోగుల్లో ఇట్లాంటి తెగే బంధం ఎవరూ పెట్టలేదు కాబట్టి దాన్ని ఈ పద్ధతిలో కరిగించలేం. పిల్లవాడికి ఈ మాట తిన్నగానే చెప్పండి.

గుండ్లకమ్మ:

ఒకటి మరిచాను. టైర్ల గురించి అడిగితే చెప్పడానికి. రబ్బరు చిరగకుండా చేయడానికి వేరే దార్లు ఇదివరకే ఉన్నాయి గానీ, చాలావాటిలో సాగి వెనక్కి వచ్చే ప్రతిసారీ కొంత శక్తి వేడిగా పోతుంది. ఎండాకాలం హైవే మీద లోడు లారీ టైరుకు ఆ వేడే శత్రువు. 2023 నాటి సైక్లోబ్యూటేన్ ముడులతో చిరుగు శక్తి పెరిగింది గానీ ఆ వేడి నష్టం పెరగలేదు. ముడి తెగేది చిరుగు కొస దగ్గర మాత్రమే, మిగతా రబ్బరులో అన్నీ మామూలు బంధాల్లాగే పనిచేస్తాయి.

తర్వాతి మెట్టు 2025లో వచ్చింది. ఎంఐటీలో కులిక్ బృందం ఫెర్రోసీన్‌లను ముడులుగా చూసింది. స్ఫటిక నిర్మాణాల డేటాబేస్ నుంచి సుమారు 5,000 తీసుకుని, 400 వాటికి కంప్యూటర్‌లో లాగే లెక్క చేసి, దాంతో మెషిన్ లెర్నింగ్ నమూనాకు నేర్పి మిగతావాటిని అంచనా వేయించారు. అందులో తేలిన ఒకదాన్ని డ్యూక్‌లో క్రెయిగ్ బృందం పాలిఅక్రిలేట్‌లో పెడితే మామూలు ఫెర్రోసీన్ ముడి ఉన్న దానికన్నా నాలుగు రెట్లు చిరుగు తట్టుకుంది. ఈ నాలుగు రెట్లు ఫెర్రోసీన్‌తో పోల్చినది, పైన చెప్పిన తొమ్మిది రెట్లు మామూలు ముడితో పోల్చినది. రెండు అంకెల్నీ పక్కన పెట్టి ఏది గొప్ప అని పిల్లల్ని తేల్చనీయకండి.

కావలి_కెమిస్ట్రీ:

మొదటి క్లాసులో వల, మూడు జెల్‌ల అంకెలు. ల్యాబ్‌లో ట్రౌజర్, దారం మడతలు. టోలీన్ సీసాలు మూడు రోజుల ముందే పెట్టి ఉంచుతాను. మన్నేరు గారూ, ఆఖరి సందేహం. మడతల్లో ఒకటి రెండు కుట్లు తెగకముందే నైలాన్ తెగిపోతే ఆ కొలత ఉంచాలా, తీసేయాలా?

మన్నేరు:

ఉంచండి మేడం, కానీ వేరే వరసలో రాయించండి. ఎన్ని కుట్లు తెగాయో పక్కనే రాస్తే, తెగిన కుట్ల సంఖ్యకు మింగిన శక్తికి గ్రాఫ్ గీయొచ్చు. నైలాన్ కొక్కెం దగ్గర తెగితే మాత్రం ఆ కొలత తీసేయండి, అది దారం గురించి కాదు, మీరు చుట్టిన చుట్ల గురించి చెబుతుంది.